రైల్లో నల్ల శాలువా పట్టుకున్న అక్కకు

నాన్న ఇక ప్రయాణాలు చేయలేరు. చిన్నప్పుడు తాను ఈదిన నదిని ఒక్క ఫొటో తీసి తెమ్మన్నారు. వంతెన దగ్గరికొచ్చేసరికి చీకటి పడుతోంది, కిటికీ అద్దం నిండా వాన చినుకులు. ఏ ఫొటో తీసినా బోగీ లైట్లూ, నా ముఖమే. టెన్షన్‌తో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎదురు సీట్లో ఉన్న మీరు ఏమీ అడగలేదు. కప్పుకున్న నల్ల శాలువా తీసి నా కెమెరా చుట్టూ గుడారంలా పట్టారు. లోపలి వెలుగు ఆగగానే అద్దంలో ప్రతిబింబాలన్నీ పోయాయి. "లెన్స్ అద్దానికి దగ్గరగా పెట్టు, ఆనించకు, అదురుతుంది. ఫోకస్ చినుకుల మీద కాదు, దూరానికి" అన్నారు. తక్కువ వెలుగులోనూ ఫొటో పడేలా ఐఎస్ఓ 3200, రైలు కదలికకు చెదరకుండా షట్టర్ సెకనులో 1/500 వంతు పెట్టించారు. ఐఎస్ఓ అంత పెంచితే గ్రెయిన్, అంటే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తుందేమో అన్నాను. "కదిలిపోయిన ఫొటో కంటే గ్రెయిన్ నయం చెల్లీ" అన్నారు. నిజమే.

రైలు ఎంత ఊగినా వంతెన దాటేదాకా మీరు చేతులు దించలేదు. అవి చలికి వణుకుతున్నాయని తర్వాత గమనించాను. పేరు అడిగేలోపే దిగిపోయారు.

ఆ ఫొటో ఇప్పుడు నాన్న మంచం పక్కనే ఉంది. ఒడ్డున ఉన్న బండను వేలితో చూపించి, "ఇక్కడి నుంచే దూకేవాళ్లం" అంటున్నారు. చాలా థాంక్స్ అక్కా.