వేల్స్ పలక, రాగి మేకు

బాబాయికి నమస్కారాలు.

ఇక్కడ బ్రిటన్‌లో పాత ఇళ్ల కప్పుల మీద రాతి పలకలు జారిపోకుండా ఎలా ఉంటాయని అడిగారు కదా. ఫోన్లో చెబితే కొలతలు గుర్తుండవని రాస్తున్నాను.

విక్టోరియా రాణి కాలం (1837–1901) నాటి వరస ఇళ్లకు ఎక్కువగా వేసింది వేల్స్ గనుల పలకే. మన మార్కాపురం పలకలాగే పొరలుగా చీలే రాయి. 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ఉన్నదాన్ని కౌంటెస్ అంటారు, 24కి 12 అయితే డచెస్.

కిటుకంతా అమరికలో ఉంది. ప్రతి పలకా తన కింది వరసనే కాదు, దాని కింది వరస తలను కూడా 3 అంగుళాలు కప్పాలి. కౌంటెస్‌కు 20లోంచి 3 తీసేసి సగం చేస్తే 8½ అంగుళాలు. రీపర్ల (వాసాల మీద కొట్టే అడ్డ చెక్కపట్టీల) మధ్య దూరం అదే. చదరపు మీటరుకు సుమారు 18 పలకలు పడతాయి. వరస మారినప్పుడల్లా సగం పలక జరపాలి, అప్పుడే ఏ సందు కిందైనా ఒక పలక ఉంటుంది. చూరు దగ్గర మొదటి వరస కింద పొట్టి పలకలు మరో వరస వేయాలి. బెజ్జం వెనకవైపు నుంచి కొడితే ముందువైపు చిన్న గుంట పడి మేకు తల అందులో కూర్చుంటుంది. పలకకు రెండు మేకులు. బిగించి కొడితే పలక చిట్లుతుంది, కాస్త వదులుగా వేలాడాలి.

చెడేది పలక కాదు బాబాయ్, మేకు. పాత ఇనప మేకులు తుప్పు పట్టి తెగితే పలకలు ఒక్కొక్కటే జారతాయి. కప్పు అయిపోయిందనుకుని చాలామంది పలకలు పారేసి కాంక్రీటు పెంకులు వేయించారు. పలకకప్పు చదరపు మీటరుకు సుమారు 30 కిలోలైతే ఆ పెంకులు 50 దాకా తూగుతాయి. పాత వాసాలు కుంగి, గోడలను బయటికి నెడతాయి. నాకు ఇదే బాధ. దింపిన పలకను వేలి కణుపుతో కొట్టి, ఖంగుమంటే రాగి మేకులతో మళ్లీ ఎక్కించవచ్చు. మొద్దుగా మోగితేనే తీసేయాలి.

ఒక్క పలకే జారితే పై వరస అడ్డం కనుక మేకు కొట్టడానికి వీలుండదు. అంగుళం వెడల్పు సీసపు పట్టీని సందులోంచి రీపరుకు కొట్టి, పలకను పైకి తోసి, పట్టీ కొనను మీదికి మడుస్తారు. అలాంటి పట్టీలు కప్పంతా కనబడితే మొత్తం విప్పి వేయాల్సిందే.

ఆకారాల్లో ఇబ్బంది పెట్టేది లండన్ వి-కప్పు. పిట్టగోడ వెనక రెండు వాలులు లోపలికి దిగి, మధ్యలో సీసం పరిచిన కాలువలో కలుస్తాయి. ఆకులు అడ్డుపడితే నీరు ఇంట్లోకే. ఎండకు సీసం సాగుతుంది కనుక ఒక్క రేకు 1.5 మీటర్లు దాటితే చీలుతుంది. అందుకే మెట్లుగా, ముక్కలుగా వేస్తారు.

మీ షెడ్డు మీద మిగులు పలక వేస్తే వాలు 30 డిగ్రీలకు తగ్గనివ్వకండి. రాగి మేకులు ముందే కొనిపెట్టుకోండి. పిన్నికి నమస్కారాలు చెప్పండి.