సౌదీ మంత్రి గారూ, గొర్రెల కాపరి మీ సంస్కరణల్లోకి రాడా?

గౌరవనీయులైన సౌదీ అరేబియా మానవ వనరులు, సామాజిక అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

రియాద్‌లో పనిచేసుకుంటున్న జగిత్యాల జిల్లావాసి నమస్కరించి రాయునది. ఇంతకుముందు పెట్టుకున్న అర్జీలకు రసీదు నంబర్లు తప్ప జవాబు రాలేదు కనుక, ఈసారి నలుగురూ చదివేటట్లు రాస్తున్నాను.

2016లో విజన్ 2030 అభివృద్ధి ప్రణాళిక ప్రకటించిన నాటి నుంచి ఈ దేశం మారిన తీరును మేము కళ్లారా చూశాం. 2018లో మహిళలు స్టీరింగు పట్టారు, సినిమా హాళ్లు తెరుచుకున్నాయి. 2024 డిసెంబరులో డ్రైవరు లేకుండా నడిచే మెట్రో వచ్చింది. 2021 మార్చిలో మీ కార్మిక సంస్కరణలు అమలైనప్పుడు, కఫీల్ (మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని) అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారవచ్చని, ఊరికి వెళ్లి తిరిగొచ్చేందుకు ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా మేమే తీసుకోవచ్చని విని సంబరపడ్డాం. అయితే ఇంటి పనివాళ్లను, ఇళ్లలో పెట్టుకునే డ్రైవర్లను, తోటమాలులను, గొర్రెల కాపరులను అందులోంచి మినహాయించారు. నా తమ్ముడు గొర్రెల కాపరి.

వాడు జీతం అడిగినప్పుడల్లా "బుక్రా, బుక్రా" (రేపు, రేపు) అంటూ నెలలు గడిపిన కఫీల్, గట్టిగా అడిగేసరికి హురూబ్, అంటే పని వదిలి పారిపోయాడన్న ఫిర్యాదు, పెట్టాడు. పారిపోయాడని ముద్ర పడిన రోజున మావాడు అదే డేరా దగ్గర, అదే మందకు నీళ్లు పెడుతున్నాడు. నాకు పంపిన వీడియోలో గొర్రెల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. యజమాని ఫిర్యాదు ఫోన్ మీదే నమోదవుతుంది. కాపరి అది అబద్ధమని చెప్పుకోవాలంటే మాత్రం ఎవరి బండో బతిమాలుకుని నగరానికి రావాలి, దారిలో పోలీసులు ఇఖామా (నివాస అనుమతి కార్డు) అడిగితే జైలుకు పోవాలి. అక్కడి నుంచి ఔట్‌పాస్ (స్వదేశం వెళ్లడానికి ఇచ్చే తాత్కాలిక పత్రం) మీద ఇంటికి పంపేస్తే బాకీ జీతం ఎవరిస్తారు? వీసా కోసం ఊళ్లో చేసిన అప్పు మీద వడ్డీ బుక్రా అనదు కదా.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని వద్దన్నారు, సంతోషం. ఆ సంగతి గొర్రెలకు ఎవరూ చెప్పలేదు.

కాపరి మాట వినకుండా హురూబ్ ఎక్కించవద్దని, జీతం చెల్లించిన రుజువు చూడకుండా కఫీల్ ఫిర్యాదు తీసుకోవద్దని వేడుకుంటున్నాను. 2030లో ఎక్స్‌పోకు, 2034లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు లోకమంతా ఇక్కడికి వస్తుంది. ఆ అతిథులు ఎడారిలో మందల దాకా రారు కనుక తొందరేమీ లేదనుకుంటే ఆ మాటే చెప్పండి, అర్జీలు మానుకుంటాం. లేదంటే మావాడి మీద హురూబ్ తీయించి, బాకీ జీతం ఇప్పించి ఇంటికి పంపించండి.

ఇట్లు,
ఒక కాపరి అన్న, రియాద్