దుప్పటి ఉతికే డబ్బు కూడా బడ్జెట్లో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నగరాల్లో ఇల్లు లేనివారి కోసం లక్ష జనాభాకు ఒక ఆశ్రయ కేంద్రం, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. గదులు కట్టించాక నడిపే డబ్బు దగ్గరే చిక్కంతా. నిర్వహణ బిల్లు ఆగితే ముందు పోయేది రాత్రి కాపలా, ఆ వెంటనే దుప్పట్ల ఉతుకు. నల్లులు పట్టిన దుప్పటి కన్నా ఫుట్‌పాతే నయమని జనం వెళ్లిపోతారు. ఖాళీ మంచాలు చూసి అధికారులు ‘అవసరం లేదు’ అని రాస్తారు. ఇది ఘోరం. అవసరం ఉంది, నమ్మకం లేదు.

తాళం పడే చిన్న పెట్టె లేకపోతే ఆధార్ కార్డు, కూలి డబ్బులు తల కింద పెట్టుకుని ఎవరికి నిద్ర పడుతుంది? మానసిక రోగులకు మందు ఒక్క వారం తప్పినా మళ్లీ రోడ్డు మీదికే. నిర్వహణ నిధులు మూడు నెలలకోసారి ముందుగానే ఇవ్వండి. పింఛను, రేషన్ కార్డు పనులు చూసే కార్యకర్త జీతం అందులోనే కలపండి.

— ఆశ్రయ కేంద్రాల కార్యకర్తలు, హైదరాబాద్