బంగారూ, ముందు తప్పుల సంగతి చూడు

బంగారూ,

నువ్వు పంపిన టైపింగ్ టెస్టుల స్క్రీన్‌షాట్లు చూశాను. నిమిషం టెస్టులో 42 పదాల స్పీడు వచ్చినదానివి పది నిమిషాల టెస్టులో 29 దగ్గర ఆగిపోయావని అంత టెన్షన్ పడకు. నిమిషం పాటయితే ఎవరైనా ఊపిరి బిగబట్టి లాగించేస్తారు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్షలో ఎల్డీసీ, అంటే లోయర్ డివిజన్ క్లర్కు, పోస్టుకి అడిగేది పది నిమిషాలు, ఇంగ్లీషులో నిమిషానికి 35 పదాలు. కాబట్టి నీ అసలు స్పీడు ఆ 29 అనుకుని అక్కణ్ణుంచే మొదలుపెట్టు. నిమిషం టెస్టులు ఇక ఆపేయమ్మా, అవి ఆశ పెడతాయి తప్ప అలవాటు చెయ్యవు.

లెక్క ఒకసారి చూడు. టైపింగ్‌లో పదం అంటే ఐదు స్ట్రోకులు, స్పేస్‌తో కలిపి. 35 పదాలంటే నిమిషానికి 175, సెకనుకి మూడు కూడా లేవు. నీ వేళ్లకి అదేం పెద్ద వేగం కాదు. మరి ఎక్కడ పోతోంది? 'ఆర్' కొట్టబోయి 'టి' కొట్టావనుకో, ఆ తప్పు ఒకటి, బ్యాక్‌స్పేస్ ఒకటి, మళ్లీ సరైన అక్షరం ఒకటి, ఒక్క అక్షరానికి మూడు స్ట్రోకులు. పైగా కళ్లు ప్యాసేజ్ మీంచి పక్కకి వచ్చి, వదిలిన లైను మళ్లీ వెతుక్కోవాలి, టైమంతా తినేసేది అదే. పోనీ దిద్దకుండా వదిలేస్తే? పదం ఎగిరిపోతే ఫుల్ మిస్టేక్, స్పేస్ తప్పితే హాఫ్ మిస్టేక్ కింద లెక్కేస్తారు.

అందుకే కొన్నాళ్లు స్పీడు మాట పక్కన పెట్టు. టెస్టు అయ్యాక తప్పుపోయిన ప్రతి పదాన్నీ నోట్‌బుక్‌లో రాసి, పక్కనే ఏ వేలు తప్పిందో రాయి. నీ స్క్రీన్‌షాట్‌లోనే చూడు, 'పి', 'క్యూ', 'జెడ్' ఉన్న పదాలే ఎక్కువ ఎర్రగా ఉన్నాయి, అంటే చిటికెన వేళ్లు ఇంకా కుదురుకోలేదు. ఆ పదాలే ఏరి, ఒక్కోటి లైను నిండా, నెమ్మదిగా, కీబోర్డు చూడకుండా కొట్టు. 'ఎఫ్', 'జె' మీద చిన్న గీతలుంటాయి కదా, చూపుడు వేళ్లు ఎప్పుడూ అక్కడికే తిరిగి రావాలి.

మా రోజుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ పరీక్షకి 30, హయ్యర్‌కి 45 స్పీడు ఉండాలి. టైపు మిషన్ మీద బ్యాక్‌స్పేస్ కొడితే క్యారేజీ వెనక్కి జరిగేదే గానీ అక్షరం పోయేది కాదు, తప్పున్న షీటు మొత్తం మళ్లీ కొట్టాల్సిందే. వారాల తరబడి ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ తోనే సరిపోయేది. విసుగొచ్చేది నిజమే, కానీ ఆఫీసులో ఎవరితోనో మాట్లాడుతూ కూడా చూడకుండా కొట్టగలిగానంటే ఆ షీట్ల చలవే.

రోజుకి ఒక్క పది నిమిషాల టెస్టు చాలు, కొత్త ప్యాసేజ్‌తో. మొదటి ఐదు నిమిషాల స్పీడు, చివరి ఐదు నిమిషాల స్పీడు విడివిడిగా రాసుకో. చివర్లో బాగా పడిపోతుంటే మొదట్లోనే పరిగెత్తేస్తున్నావన్నమాట. తప్పులు నూటికి రెండు మూడు పదాలకి దిగాకే స్పీడు పెంచు, పెంచగానే తప్పులు ఎక్కువైతే మళ్లీ కాస్త తగ్గించు.

ఇంకోటి, ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టుకుని ప్రాక్టీస్ చెయ్యకు. డెస్క్‌టాప్ కీబోర్డు ఒకటి నాన్నతో పంపిస్తున్నా, టేబుల్ మీద పెట్టుకుని నిటారుగా కూర్చో, మణికట్లు అంచుకి ఆన్చకు. ఆదివారం ఆ తప్పుల నోట్‌బుక్ ఫొటో తీసి పంపు, వచ్చే వారం ఏ పదాలు కొట్టాలో నేను లిస్టు రాసి పెడతాను.

అమ్మ