వార్షిక నివేదిక: ఈసారి ఎక్కువగా మన పిల్లల చదువు గురించే

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు గ్రూపులో ఉన్నాయి, జమాఖర్చులు కోశాధికారి సభలో చదువుతారు. నేను వివరంగా రాయాలనుకున్నది మన హాల్లో సాయంత్రం నడిపిన చదువుల గది గురించి.

ఎస్సెస్సెల్సీ (పదో తరగతి), పీయూసీ (ఇంటర్) పిల్లల కోసం దీన్ని మొదలుపెట్టాం. మన బెంగళూరులోని కేఆర్ పురం, హూడి, రామమూర్తినగర్ నుంచి కూడా వచ్చారు. ఇల్లు ఇరుకై వచ్చేవాళ్లు కొందరైతే, ఇంట్లో అమ్మానాన్నల గొడవలు తట్టుకోలేక వచ్చేవాళ్లు ఇంకొందరు. ఎవరి పిల్లలో చెప్పను, దయచేసి ఆరా తీయొద్దు.

పదో తరగతి అమ్మాయి ఒకతె తన పుస్తకాలు, సైన్సు రికార్డు మన బీరువాలో పెట్టుకోవచ్చా అని అడిగింది. ఎందుకమ్మా అంటే, "గొడవైతే అమ్మ అప్పటికప్పుడు నన్ను తీసుకుని అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లిపోతుంది ఆంటీ, పొద్దున స్కూలుకి పుస్తకాలుండవు" అంది. ఇంకో అబ్బాయికి లెక్కలు బాగా వచ్చు, కానీ ఎనిమిదిన్నర అయ్యేసరికి పెన్ను ఆగిపోతుంది, ఎందుకంటే వాళ్ల నాన్న ఆఫీసు క్యాబ్ దిగే టైమది, ఆ తర్వాత వర్గ సమీకరణం ఒక్క మెట్టు కూడా ముందుకు కదలదు. ఇలాంటి పిల్లల్నే మనం బద్ధకం, ఫోన్ పిచ్చి అని తిడుతుంటాం.

బ్రిటన్‌లో గోర్డన్ హెరాల్డ్ బృందం 11 నుంచి 13 ఏళ్ల పిల్లల్ని కొంతకాలం పాటు గమనించి 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. అమ్మానాన్నల గొడవకి తామే కారణమని పిల్లలు అనుకోవడం, ఆ గొడవల ప్రభావం మార్కుల మీద పడే ముఖ్యమైన దారి అని అందులో తేలింది. మనిళ్లల్లో ఫీజుల దగ్గర, ర్యాంకుల దగ్గర మొదలయ్యే గొడవలెన్నో! పిల్లాడు నా వల్లే అనుకోక ఏమనుకుంటాడు? అమెరికాలో మోనా ఎల్-షేక్ బృందం పిల్లల మణికట్టుకి వాచీలాంటి పరికరం కట్టి చూస్తే, తల్లిదండ్రుల మధ్య గొడవలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో పిల్లల నిద్ర దెబ్బతింటోందని 2006లో వెల్లడైంది. నిద్ర లేని బుర్రకి పాఠం ఎలా ఎక్కుతుంది?

మొగుడూ పెళ్లాలన్నాక మాటా మాటా రావడం సహజమే, దాన్ని ఎవరూ తప్పు పట్టడం లేదు. పిల్లల్ని కుంగదీసేది తెగని గొడవ, రోజుల తరబడి ఎడమొహం పెడమొహం, "మీ నాన్నకి చెప్పు" అంటూ పిల్లల చేత కబుర్లు మోయించడం. ఒక ఆదివారం కౌన్సెలర్‌ని పిలిపించి మాట్లాడించినప్పుడు ఆవిడ చెప్పిందీ ఇదే: వాళ్ల ముందు గొడవపడితే, రాజీ పడ్డ సంగతి కూడా వాళ్లకి తెలియనివ్వండి, నీ తప్పేం లేదని నోటితో చెప్పండి. ఆ రోజు వచ్చినవాళ్లు దాదాపు అందరూ తల్లులే. తండ్రులు రాకపోవడం నాకు నిజంగా బాధేసింది, ఈ ఏడాది మీరు కూడా రావాలి.

చెయ్యి చేసుకునే పరిస్థితి ఉన్న ఇంట్లో మాత్రం సర్దుకుపొమ్మని మన సంఘం చెప్పదు. మహిళలకి 181, పిల్లలకి 1098 హెల్ప్‌లైన్లు ఉన్నాయి. మనసు బాగోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, 2022లో మొదలైన ఈ సేవకి మన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్సే ప్రధాన కేంద్రం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

వచ్చే ఏడాది పరీక్షల నెలల్లో గదిని రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంచాలని, పిల్లల పుస్తకాలకి ఇంకో బీరువా కొనాలని కార్యవర్గం నిర్ణయించింది. తాళంచెవి వారానికి ఒకరు చొప్పున తీసుకోవాలి, పిల్లలంతా వెళ్లేదాకా అక్కడే ఉండాలి. వీలున్నవాళ్లు సభలోనే పేర్లివ్వండి.

— కార్యదర్శి