నైనితాల్ కాలువల సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయంటే మన పత్రికల్లో నైనితాల్ బొమ్మ పడాల్సిందే. సరస్సు, పడవలు, వాలు రేకుల కప్పులు, పొగగొట్టాలు. మీ ఆదివారం అనుబంధంలో నైనితాల్ వేసవి కాటేజీల మీద వచ్చిన వ్యాసం బాగానే ఉంది కానీ, సరస్సు పై కొసన మల్లీతాల్‌లో ఉన్న ‘ఫ్లాట్స్’ మైదానం సహజంగా ఏర్పడిందని అందులో రాశారు. అక్కడ ముందు నుంచీ కొంత చదును ఉన్న మాట నిజమే. దాన్ని ఇప్పుడున్నంత వెడల్పు చేసింది మాత్రం 1880 సెప్టెంబరు 18 మధ్యాహ్నం జారిపడ్డ కొండ. ఆ రోజు 151 మంది చనిపోయారు. జనం ఇప్పుడు కార్లు నిలిపేదీ, పిల్లలు బంతాట ఆడేదీ ఆ మట్టి మీదే. ఆ కొండ ఎందుకు జారింది, ఆ తర్వాత ఊరు ఎలా నిలబడింది అన్నది కాటేజీల చరిత్రలో ముఖ్యమైన భాగం. పర్యాటక వ్యాసాల్లో దాన్ని ఎప్పుడూ వదిలేస్తారు.

ముందు ఊరు పుట్టిన తీరు. 1823లోనే కుమావూఁ కమిషనర్ ట్రెయిల్ ఈ సరస్సు చూశాడు. స్థానికులకు పవిత్రమైన చోటు కాబట్టి బయట పెట్టలేదంటారు. 1841లో షాజహాన్‌పూర్ నుంచి వచ్చిన బ్యారన్ అనే వ్యాపారి ఆ మర్యాద పాటించలేదు. దారి చెప్పకుండా తిప్పుతున్న కొండవాడి నెత్తిన పెద్ద రాయి ఎత్తించి, నైనితాల్‌లో రాళ్లు దొరకవట కదా, అక్కడిదాకా మోసుకురా అన్నాడట. రాళ్లకేం కరువు లేదని వాడు నోరు జారడంతో గుట్టు బయటపడింది. ఆ రాళ్ల స్వభావం ఏమిటో తెలియడానికి మరో 40 ఏళ్లు పట్టింది. మర్నాటి ఏడాదే బ్యారన్ 20 అడుగుల పడవను కొండ మీదికి మోయించాడు. ఆ లోయ తనదంటున్న నర్‌సింగ్‌ను ఆ పడవలోనే నడి సరస్సుకు తీసుకెళ్లి, ఈతరాని ఆ మనిషి చేత హక్కు వదులుకుంటున్నట్టు చిన్న నోటుపుస్తకంలో సంతకం పెట్టించుకున్నాడు. ఈ సంగతిని బ్యారనే తమాషాగా రాసుకున్నాడు. చదివేవాళ్లకు మాత్రం తమాషాగా ఉండదు.

తర్వాత అంతా వేగంగా జరిగింది. ‘పిల్‌గ్రిమ్ లాడ్జ్’ అని బ్యారన్ ఇల్లు లేచింది. కమిషనర్ లషింగ్టన్ స్థలాలు పంచాడు. 1845కల్లా మునిసిపాలిటీ వచ్చింది. 1862లో వాయవ్య పరగణాల (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) వేసవి రాజధాని అయింది. ఏప్రిల్‌లో జనం ఎక్కడం, అక్టోబరులో దిగడం, చలికాలమంతా కాటేజీలకు తాళాలు, ఒక్కో కొండకు ఒకరిద్దరు కాపలావాళ్లు. 1884లో కాఠ్‌గోదామ్‌కు రైలు రాకముందు అందరూ కాలాఢూంగీ మీదుగా గుర్రాల మీదా, మనుషులు మోసే డాండీల్లోనూ ఎక్కేవారు. రైలు రాగానే ఆ దారి బోసిపోయింది.

ఇక అసలు సంగతి. కొండవాలులో ఇల్లు కట్టాలంటే ముందు చదును కావాలి. అడ్డదారి ఏమిటంటే వాలును సగం తవ్వి, ఆ మట్టినే కింది సగంలో పోసి, ముందు గోడ లేపి బల్లలా చేయడం. తవ్విన సగం గట్టి నేల, పోసిన సగం వదులు మట్టి. రెండు మూడు వానాకాలాలకు వదులు సగం కుంగి, ఇంటి నడుమన పొడవునా నెర్ర పడుతుంది. దాన్ని సున్నంతో పూడ్చి పైన వెల్ల వేస్తారు. అసలు ప్రమాదం ఇంటి వెనక, తవ్విన చోట ఉంటుంది. అక్కడ కొండ కాలు తెగిపోయింది. పైనున్న బరువును ఆపాల్సిన మట్టి ఇప్పుడు ఇంటి కింద ఉంది.

నైనితాల్‌లో ఈ తప్పుకు రాయి కూడా తోడైంది. సరస్సు అడుగున భూమిలో పెద్ద పగులు ఉంది. పడమటి ఒడ్డున అయార్‌పాట్టా వైపు ఎక్కువగా సున్నపురాయి జాతి. ఎదుటి ఒడ్డున షేర్‌కా దండా, ఆల్మా కొండల వైపు పలకలు పలకలుగా విడిపోయే స్లేటు, షేలు. షేలు పొడిగా ఉంటే రాయి, నాని ఊరితే బురద. చేతిలో పట్టుకుని తడిపి నలిపితే వేళ్లకు జారుడుగా అంటుకుంటుంది. పలకల సందుల్లో నీరు నిలిస్తే పైపలకకు కింది పలక మీద పట్టు తప్పుతుంది. ఎండ బాగా తగిలే వాలు, సరస్సు చక్కగా కనబడే వాలు కాబట్టి ఇళ్లు, హోటళ్లు ఈ మెత్తటి వైపునే కిక్కిరిశాయి. 1866లో, 1879లో ఆల్మా వైపు జారుళ్లు పడ్డాయి. ఎవరూ ఖాళీ చేయలేదు.

1880 సెప్టెంబరు 16, గురువారం వాన మొదలైంది. ఆదివారం సాయంత్రానికి 33 అంగుళాలు, అంటే సుమారు 838 మిల్లీమీటర్లు కురిసింది. అనంతపురానికి ఏడాదిన్నరలో పడే వాన అది, నాలుగు రోజులకే పడింది. శనివారం పొద్దున విక్టోరియా హోటల్ వెనక చరియ కొంత విరిగి బయటి గదుల మీద పడింది. పూడుకుపోయినవాళ్లను తీయడానికి సైనికులు, అధికారులు, కూలీలు వచ్చి తవ్వుతున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో కొండ మొత్తం దిగింది. హోటలు, దుకాణం, నైనాదేవి గుడి, ఒడ్డున ఉన్న అసెంబ్లీ రూమ్స్ క్షణాల్లో కొట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లలో 108 మంది భారతీయులు, 43 మంది తెల్లవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు. చాలామంది మొదటి జారుడులో చిక్కినవాళ్లను కాపాడటానికి వచ్చినవాళ్లే. చిన్న జారుడు తర్వాత పెద్దది రావచ్చన్న పాఠం ఇప్పటికీ మన ఘాట్‌రోడ్ల మీద పనిచేసేవాళ్లకు ఎవరో ఒకరు గుర్తుచేయాల్సి వస్తోంది.

చిన్న లెక్క చూడండి. 8 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల పొడవు కప్పున్న ఒక బంగళా. అంటే 200 చదరపు మీటర్లు. దాని మీద 25 అంగుళాల వాన పడితే 1,27,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పాతిక. ఈ నీటికి రాతి కాలువ లేకపోతే చూరు కిందనే దిగుతుంది. సరిగ్గా ఆ ఇంటి వెనక కొండ తవ్విన చోటే దిగుతుంది. కొండ మీద ఇలాంటి ఇళ్లు యాభై ఉంటే ఏమవుతుందో పాఠకులే హెచ్చవేసుకోవచ్చు.

ఆ విపత్తు తర్వాత ఊరిని కాపాడింది కాలువలే. పని క్రమం ఇది. జారే వాలుకు పైన, ఇంకా గట్టిగా ఉన్న నేలలో అడ్డంగా ఒక పట్టుకాలువ తవ్వుతారు. పైనుంచి వచ్చే నీటిని వాలులోకి దిగనివ్వకుండా పక్కకు తిప్పడం దాని పని. దాని వాలు మరీ తక్కువైతే పూడిక చేరి పొర్లుతుంది, మరీ ఎక్కువైతే అడుగు కోసుకుపోతుంది. అడ్డకాలువలు నిలువు కాలువలో కలుస్తాయి. నిలువు కాలువ అడుగు మెట్లుమెట్లుగా ఉంటుంది. నీరు మెట్టు మెట్టుకూ దూకి, ఊపు అక్కడికక్కడే పోగొట్టుకుంటుంది. అడుగూ పక్కలూ రాయీ సున్నంతో కడతారు. సరస్సులో కలిసేముందు పూడిక గుంట, జల్లెడ కమ్మీలు. నేటికీ 60కి పైగా కాలువలు ఆ సరస్సులోకి దిగుతున్నాయి.

ఇవి పాడయ్యే తీరు కూడా తెలిసిందే. రాతికట్టులో సున్నం రాలిన చోట సందు పడుతుంది. నీరు కట్టు కిందికి దిగి మట్టిని మోసుకుపోతుంది. పైకి చూస్తే కాలువ నిండుగా, అందంగా ఉంటుంది, లోపల డొల్ల. ఒక రోజు పది గజాల కట్టు ఒక్కసారే కూలుతుంది. రెండో జబ్బు ఇల్లు కట్టేవాళ్ల రాళ్లూ మట్టీ. కాలువలో పారబోస్తే కూలీ ఖర్చు మిగులుతుంది కదా! మూడోది పైన సిమెంటు పలక వేసి దారో, కొట్టో చేసుకోవడం. మూసిన కాలువలో పూడిక ఎవరికీ కనబడదు, తీయడానికి మనిషి దూరడు. తొలకరికి ముందు ప్రతి కాలువనూ పైనుంచి కిందిదాకా నడిచి చూడాలి. కింద మొదలుపెడితే లాభం లేదు, పైన తీసిన చెత్త మళ్లీ కిందికే వస్తుంది.

అడ్డుగోడలదీ ఇదే కథ. వెనక నీరు పోయే దారి లేని గోడ అంటే నీళ్ల తొట్టె. గోడ వెనక కనీసం అడుగు మందాన రాళ్లు నింపి, ముఖంలో సుమారు ఒకటిన్నర మీటరుకు ఒకటి చొప్పున నీటి రంధ్రాలు వదలాలి. వాన నిలిచిన మర్నాడు రంధ్రాల్లోంచి నీళ్లు కారుతుంటే గోడ పనిచేస్తున్నట్టు. అన్నీ పొడిగా ఉండి గోడ పొట్ట ముందుకొస్తుంటే కింద ఎవరూ పడుకోకూడదు.

భయం ఊరి రూపాన్నే మార్చింది. పెద్దయ్యాక వేటగాడిగా పేరుపొందిన జిమ్ కార్బెట్‌కు అప్పుడు 5 ఏళ్లు. వాళ్ల కుటుంబం ఆల్మా కొండ మీది ఇంటిని విప్పించి, సామాను మొత్తం అవతలి అయార్‌పాట్టాకు మోయించి ‘గర్నీ హౌస్’ కట్టుకుంది. తల్లి మేరీ జేన్ వేసవి కాటేజీలు అద్దెకు కుదిర్చే వ్యాపారంతోనే సంసారం నడిపింది. ఏ ఇల్లు ఏ కొండ మీద ఉందన్నది అలాంటివాళ్లకు బతుకుతెరువు లెక్క. లాటుగారి (గవర్నరు) నివాసం కూడా షేర్‌కా దండా మీద పగుళ్లు చూపడంతో, 1897లో అయార్‌పాట్టా వైపు కొత్తది మొదలుపెట్టారు. జియలాజికల్ సర్వే వాళ్లు మిడిల్‌మిస్, హాలండ్ 1890ల్లో ఆ వాలులన్నీ కొలిచి రాశారు. 1927 నుంచి కొండ భద్రతకు ప్రత్యేక కమిటీ ఉంది.

ప్రమాదం పై కొండతోనే పోలేదు. సరస్సు నీరు కింది కొసన తల్లీతాల్ తూముల దగ్గర బలియా నాలా అనే వాగులోకి దిగుతుంది. 1898 ఆగస్టులో ఆ లోయలో చరియ విరిగి, కైలాఖాన్ దగ్గర బీరు కర్మాగారంలో పనిచేసేవాళ్లతో కలిపి 28 మంది పోయారు. నేటికీ ఆ లోయ అంచు కోసుకుపోతూనే ఉంది. తూములు ఎప్పుడు, ఎంత ఎత్తాలన్నది అందుకే చిల్లర విషయం కాదు. నీరు నిల్వ ఉంచితే ఒడ్డు నానుతుంది. ఒక్కసారిగా వదిలితే కింద లోయ కోతపడుతుంది, పైన ఒడ్డుకు ఇన్నాళ్లూ నీరిచ్చిన ఆసరా పోతుంది. 2018 ఆగస్టులో లోయర్ మాల్ రోడ్డు ముక్క ఒకటి సరస్సులోకి జారిపోయింది.

ఇంకొకటి. పైనున్న సూఖాతాల్ పేరుకు తగ్గట్టు ఎండాకాలం ఎండే ఉంటుంది. చూసినవాళ్లకు అది ఖాళీ జాగా. వానాకాలంలో అక్కడ నిలిచిన నీరే లోలోపల ఊరి పెద్ద సరస్సుకు చేరుతుంది. దాన్ని పూడ్చితే కింద పడవలకు నీళ్లు తగ్గుతాయి.

మన దగ్గర అరకు, లంబసింగి వైపు కాటేజీలు జోరుగా లేస్తున్నాయి. అక్కడి రాయి వేరు. ఖోండలైట్ మీద దళసరి ఎర్రమట్టి, హిమాలయమంత వదులు కాదు. అయినా వాలు తవ్వే జేసీబీ ఒకటే, మట్టిని కింద పోసే అలవాటూ ఒకటే. అనుమతి కాగితంలో గదుల లెక్క, పార్కింగు లెక్క ఉంటాయి. చూరు నీరు ఏ కాలువలో పడుతుంది, ఆ కాలువ ఎక్కడిదాకా వెళ్తుంది అన్న గీత కూడా ఆ ప్లానులో ఉండాలని మీ పత్రిక అడిగితే బాగుంటుంది.

నైనితాల్ వెళ్లే పాఠకులకు ఒక మాట. మాల్ రోడ్డు మీద నడిచేటప్పుడు సరస్సు వైపే కాకుండా కొండ వైపూ చూడండి. రోడ్డు కిందుగా దూరి వచ్చే మెట్ల కాలువలు కనబడతాయి. జల్లెడ కమ్మీల దగ్గర ఆగి, అడుగు రాయి కనబడుతోందో, ప్లాస్టిక్ సీసాలు కనబడుతున్నాయో చూడండి. వచ్చే ఏడాది వేసవి సంచికకు ఆ ఫోటో ఒకటి పంపితే వేయమని మనవి.

ఇట్లు,
విశ్రాంత ఇరిగేషన్ ఇంజనీరు,
నెల్లూరు