నాన్నగారికి, ఎమెరీ కాగితం సంగతి

న్యూరెంబర్గ్,
నవంబరు, ఆదివారం సాయంత్రం

నాన్నగారికి నమస్కారాలు.

అన్నిటికన్నా ముందు, ఆ ఎమెరీ కాగితం తీసి మళ్ళీ సొరుగులో పెట్టేయండి. చిన్నవాడి క్లారినెట్‌కు నోట్లో పెట్టి ఊదే ముక్కను, ఆ మౌత్‌పీస్‌ను, మీరే రుద్ది సరిచేస్తానంటున్నారని అమ్మ చెప్పింది. ఫోనులో వాదిస్తే "సరేలే" అని ఫోను అమ్మ చేతికి ఇచ్చేస్తారు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. పాతదాన్ని రుద్దవద్దు. పెట్టెలో వచ్చే కొత్తదాని జోలికి అసలే వెళ్ళవద్దు.

ఈ ఉత్తరం, పెట్టె, రెండూ మా ఆఫీసులో పనిచేసే రాజమండ్రి అతను తెస్తున్నాడు. హైదరాబాదులో దిగి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి వెళ్తాడు. వాళ్ళ బావగారు పనిమీద విశాఖ వస్తూ మన ఇంటికి తెచ్చి ఇస్తారు. అతనికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఈ మాట అమ్మకు ముందే చెప్పండి. లేకపోతే పెట్టె తెచ్చినాయనను కూర్చోబెట్టి గోత్రం అడుగుతుంది.

మీ కుడికన్ను ఆపరేషను సంక్రాంతి తర్వాతే అంటున్నారట. ఇంతకుముందు దసరా తర్వాత అన్నారు. హనుమంతవాక కంటి ఆసుపత్రి ఏమైనా వేరే రాష్ట్రంలో ఉందా నాన్నా? ఒక్క ఉదయం ఆటో ఎక్కితే అయ్యే పని. కొలతలు తీసే మైక్రోమీటరు మీద గీతలు కనబడటం లేదని మీరే అమ్మతో అన్నారట. గీతలు కనబడని మనిషి మౌత్‌పీస్ అరగదీస్తానంటే నాకు భయం వేయదా?

సరే, అసలు సంగతి. "అంత చిన్న ముక్కకు అంత ఖర్చు అవసరమా" అని మీరు అడిగినందుకు నాకు కోపమేమీ రాలేదు. అమ్మ అలా అనుకుంది, అంతే. వాడి యమహా క్లారినెట్‌తో వచ్చిన 4సి మౌత్‌పీస్ మంచిదే. నేర్చుకునేవాళ్ళకు అంతకన్నా నమ్మకమైనది చవకలో దొరకదని మాస్టారు అన్న మాట నిజం. కాని వాడు ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాడు కాదు. గట్టిగా ఊదితే రీడు, అదే మౌత్‌పీస్‌కు బిగించే పలుచని రెల్లు ముక్క, మూసుకుపోయి స్వరం నొక్కినట్టు వస్తోంది. పై స్థాయికి వెళ్ళేసరికి సన్నబడిపోతోంది. లోపం ఊపిరిదా, రీడుదా, మౌత్‌పీస్‌దా అని తేల్చుకోకుండా డబ్బు పెట్టడం నాకూ ఇష్టం లేదు, మీ కూతురినే కదా. అందుకే ముందు రీడు మార్చి చూడమన్నాను. రెండున్నర నంబరు నుంచి మూడుకు, అంటే ఇంకాస్త గట్టిదానికి, మారాడు. మూసుకుపోవడం తగ్గింది కాని, కింది స్వరాల్లో గాలి చప్పుడు మొదలైంది. మెల్లగా ఊదితే పలకడమే మానేసింది. వాడు పంపిన రికార్డింగు విన్నాక ఇక రీడు మార్చి లాభం లేదనిపించింది.

చిన్నవాడికి కావలసింది వాండొరెన్ బి45. ఎవరో ఊదుతుంటే చూశాడు, అంతే, మనసు అక్కడే పడిపోయింది. నేను పంపుతున్నది అదే కంపెనీది, 5ఆర్‌వి లైర్. వాడు మూతి ముడుచుకుంటాడని తెలుసు. కారణం వాడికన్నా మీకే బాగా అర్థమవుతుంది, అందుకే మీకు రాస్తున్నాను. మౌత్‌పీస్ కొనకూ రీడు కొనకూ మధ్య చిన్న సందు ఉంటుంది, గాలి దూరేది అందులోంచే. పాత 4సికి ఆ సందు 1.05 మిల్లీమీటర్లు. 5ఆర్‌వి లైర్‌కు 1.095. బి45కి 1.195. లెక్క మీరే వేయండి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్ కదా, నేను పంపేది 45 మైక్రాన్ల మార్పు, వాడు అడిగేది 145. షిప్‌యార్డు మెషిన్ షాపులో 145 మైక్రాన్లు తేడా వచ్చిన షాఫ్టును మీరు ఎవరి మొహాన కొట్టేవారో నాకు గుర్తుంది, ఆ పూట ఇంట్లో అన్నం కూడా సరిగా తినేవారు కాదు.

సందు పెరిగితే గాలికి చోటు పెరుగుతుంది, నాదం పెద్దదవుతుంది, నిజమే. దానికి తగ్గట్టు రీడు మెత్తనిది పెట్టాలి, పెదవి పట్టు గట్టిపడి ఉండాలి. వాడి పెదవి ఇంకా అంత గట్టిపడలేదు. అలసిపోగానే కింది దవడతో రీడును కొరుకుతాడు, అప్పుడు శ్రుతి పైకి పోతుంది. బి45 తప్పని నేను అనడం లేదు. ఎందరో మెచ్చినది. మెత్తని రీడుతో అలాంటి వెడల్పు మౌత్‌పీస్ పెట్టుకుంటే స్వరాన్ని వంచడం, జార్చడం సులభమవుతుంది. మీరు రేడియోకు చెవి ఆనించి వినే క్లారినెట్ విద్వాంసులు ఎ.కె.సి. నటరాజన్ గారి గమకాలు వాడు కూడా పలికించాలనుకుంటే, అప్పుడు ఆలోచిద్దాం. ప్రస్తుతం మాస్టారు నేర్పుతున్నవి నేవీ బ్యాండు వాయించే మార్చ్‌లు. వాటికి స్వరం ఉన్నచోట నిలబడాలి.

ఇక ఎమెరీ. సందు ఒక్కటే అయితే మీ చేతికి పెద్ద పని కాదు. రీడు ఆనుకునే చదును ఉంటుంది, అక్కడి నుంచి కొన వరకు రెండు పక్కల అంచులు మెల్లగా వంగుతూ పోతాయి. ఆ వంపులోనే కిటుకంతా ఉంది. ఈ పని తెలిసినవాళ్ళు దాని మీద గాజు పలక ఆనించి, సందులో ఫీలర్ గేజులు, అంటే పలుచని కొలత రేకులు, దూర్చి, ఏ గేజు ఎంత లోపలికి వెళ్తుందో కొలుస్తారు. అవును, మీ డబ్బాలో ఉన్నలాంటి గేజులే. ఎడమ అంచుకూ కుడి అంచుకూ లెక్క కుదరకపోతే రీడు రెండు వైపులా ఒకేలా కొట్టుకోదు, కీచుమంటుంది. అరిగింది మళ్ళీ అతకదు. కన్ను ఆపరేషను అయ్యాక మీకు సరదా ఉంటే, గాజు పలక పెట్టి పాతదాన్నీ కొత్తదాన్నీ కొలిచి నాకు రాయండి. కొలవడం మాత్రమే.

ఇక్కడ దీన్ని వెతకడం ఒక కథ. క్లారినెట్‌ను 1700 ప్రాంతంలో రూపొందించిన డెన్నర్ ఈ ఊళ్ళోనే పనిచేశాడు, మ్యూజియంలో పాత వాద్యాలు గదుల నిండా ఉన్నాయి. తీరా దుకాణానికి వెళ్తే అద్దాల అలమరలో ఉన్నవన్నీ జర్మన్ పద్ధతి మౌత్‌పీస్‌లు. కొన ఇరుకు, వంపు పొడుగు, రీడు కూడా సన్నం, కొందరు దాన్ని ఇప్పటికీ దారంతో చుట్టి కడతారు. మన రీడు వాటి మీద సరిగ్గా కూర్చోదు. మన దగ్గర ఉన్నది ఫ్రెంచివాళ్ళ బోమ్ పద్ధతి మీటల అమరిక, 1839లో పారిస్‌లో మొదట చూపించినది. "బోమ్‌కు కావాలి" అన్నాక లోపలి నుంచి ఒక పెట్టె తెచ్చారు. నా క్లారినెట్ వెంట తీసుకెళ్ళాను. ఒకే రీడు, దాన్ని బిగించే ఒకే పట్టీ (లిగేచర్) పెట్టుకుని అన్నీ ఊది చూశాను. రెండూ మారిస్తే ఏది దేనివల్లో తెలియదని మాస్టారు నా చిన్నప్పుడే చెప్పారు కదా. కింది స్వరం నుంచి మెల్లగా పైకి, మధ్యలో ఉండే గొంతు స్వరాలు దాటి పై వరుసలోకి అడుగుపెట్టేచోట ఆగకుండా. అక్కడే ఏ మౌత్‌పీస్ బండారమైనా బయటపడుతుంది. ఒకటి నాకు చాలా తియ్యగా వినిపించింది. దుకాణంలోని పెద్దావిడ గది అవతలికి వెళ్ళి విని, దూరానికి వినబడటం లేదని తల అడ్డంగా ఊపింది. ఊదేవాళ్ళ చెవికి, వినేవాళ్ళ చెవికి అంత తేడా ఉంటుంది.

ఇంకొకటి, ఇది మీరు మెచ్చుకుంటారు. వాండొరెన్‌వాళ్ళ మామూలు మౌత్‌పీస్‌లు 442 శ్రుతికి (అంకె పెద్దదైతే శ్రుతి హెచ్చు) సరిపడా ఉంటాయి. 13 సిరీస్ అని రాసి ఉన్నవి 440కి. వాడు ఇంట్లో ఏ కీబోర్డుతో కలిపి వాయిస్తాడో అది 440. పైగా విశాఖ ఎండ. గాలి వేడెక్కితే క్లారినెట్ శ్రుతి దానంతట అదే పైకి పోతుంది. మే నెలలో మన హాల్లో ఫ్యాను కింద వాయిస్తే 442 మౌత్‌పీస్ ఎక్కడికి పోతుందో ఊహించండి. దించడానికి మౌత్‌పీస్ కింది గొట్టం ముక్కను, బ్యారెల్‌ను, బయటకు లాగాలి, ఎక్కువ లాగితే గొంతు స్వరాలు మిగతావాటికన్నా ఎక్కువ దిగిపోతాయి, మళ్ళీ గొడవ. అందుకని పట్టుబట్టి 13 సిరీస్‌దే తెప్పించుకున్నాను. ఇక్కడ నాకు తలకిందులు సమస్య. చలికి శ్రుతి దిగిపోతుంది, సాధనకు ముందు క్లారినెట్‌ను చంకలో పెట్టుకుని వెచ్చబరుస్తాను.

అవును, నేను మళ్ళీ వాయిస్తున్నాను. అమ్మకు చెప్పాను, మీకు చెప్పలేదు. మా వీధి చివర హాల్లో వారానికో సాయంత్రం ఊరివాళ్ళ బ్యాండు కూడుతుంది. బేకరీ ఆయన, బడిపంతులమ్మ, రిటైరైన రైల్వే ఆయన. క్లారినెట్ వరుసలో అందరివీ జర్మన్ వాద్యాలు, నాదొక్కదానిదే వేరు. మొదట్లో వింతగా చూశారు. ఇప్పుడు నేను రాకపోతే ఫోను చేస్తారు. ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడిపోతుంది నాన్నా. ఆదివారాలు దుకాణాలు కూడా ఉండవు. ఒంటరిగా ఉన్నానని అమ్మ బెంగపెట్టుకోనక్కరలేదు, ఆ సాయంత్రం ఒకటి ఉంది. ఉద్యోగం మామూలే, కొత్త మేనేజరు వచ్చారు, బాగానే ఉన్నారు.

వాడి ఇంటర్ గురించి మీరు అన్న మాట కూడా అమ్మ చెప్పింది. ఎంపీసీ మొదటి సంవత్సరంలో ఈ ఊదుడు ఎందుకని. రోజుకు ముప్పావు గంట కదా. కాలేజీ, స్టడీ అవర్లు అన్నీ పోగా వాడు తనకోసం ఉంచుకున్నది ఆ ముప్పావు గంటే. మార్కులు తగ్గితే అప్పుడు నన్ను అడగండి, మౌత్‌పీస్‌ను కాదు. నేను కూడా వాయిస్తూనే చదివాను. పూర్ణా మార్కెట్ దారిలో పెళ్ళి ఊరేగింపు ఎదురైతే స్కూటరు ఆపి, బ్యాండు మేళంలో క్లారినెట్ ఎవరిదో వినమని నాకు చూపించింది మీరే.

ఇక్కడి నుంచి చిన్నవాడికి చదివి వినిపించండి.

ఒరేయ్, మొదటి వారం రోజూ పది నిమిషాలు చాలు, మిగతా సమయం పాతదానితోనే. రీడు రెండున్నరతో మొదలుపెట్టు, బలహీనంగా అనిపిస్తేనే మూడు. మౌత్‌పీస్ పైన పలుచని రబ్బరు ముక్క అంటించి పంపాను, పళ్ళు దానిమీదే ఆనాలి. పంటి గాటు లేకపోతే జనవరిలో రాజమండ్రి అతను తిరిగి వచ్చేటప్పుడు మార్చుకోవచ్చని దుకాణంవాళ్ళు ఒప్పుకున్నారు. కాబట్టి నచ్చకపోతే మొహమాటపడకు. నా నోటికి కుదిరింది నీ నోటికి కుదరాలని లేదు. కాని నచ్చలేదని మొదటి రోజే తీర్పు చెప్పకు. బి45 కాదని అలిగితే మాత్రం అది నచ్చకపోవడం కిందకు రాదు.

ఇది ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. వేడినీళ్ళతో కడిగితే రంగు మారి ముక్కు మూసుకోవలసిన వాసన వస్తుంది. చల్లని నీళ్ళు, ఒక చుక్క సబ్బు. డాబా మీద ఎండలో ఆరబెట్టకు, కిటికీ దగ్గర వదలకు. లోపల గుడ్డ పెట్టి రోజూ గట్టిగా లాగకు, లోపలి గోడ అరుగుతుంది. తెల్లని పొర కడితే వెనిగర్‌లో నీళ్ళు కలిపి కాసేపు ఉంచు. రీడును తడిగా డబ్బాలో మూసేయకు, సముద్రపు గాలికి బూజు పడుతుంది. నాలుగు రీడులకు పెన్సిలుతో అంకెలు వేసి మార్చి మార్చి వాడు.

మాస్టారి ఇంటికి వెళ్ళి రెండింటితోనూ ఒకే మార్చ్ వాయించు, ఆయన నీకు వీపు తిప్పి కూర్చుని వినాలి, ఏది ఏదో ముందు చెప్పకు. రికార్డు చేసి నాకూ పంపు, నాకూ చెప్పకు. ఆర్కే బీచికి నేవీ డే విన్యాసాలు చూడటానికి వెళ్తే బ్యాండు దగ్గరగా నిలబడు, విమానాలు తర్వాత చూడవచ్చు.

నాన్నా, మళ్ళీ మీకే. మాస్టారికి నా నమస్కారాలు. అమ్మ మోకాలికి పంపిన మందు అట్టపెట్టెలో అడుగున ఉంది, పూసుకునేదే, మింగేది కాదు. మౌత్‌పీస్ ధర రశీదు కావాలనే తీసేశాను, వెతకవద్దు. కన్ను ఆపరేషనుకు తేదీ తీసుకుని, ఆ తేదీ నాకు ఫోనులో మీ నోటితో చెప్పండి. అమ్మ చెబితే లెక్కలోకి తీసుకోను.

మీ
పెద్దమ్మాయి